కట్టని మెట్ల ఫొటో

విచారణ అధికారి బల్ల మీదుగా తోసిన ఫొటోలో, తొమ్మిది మందిని పొట్టన పెట్టుకున్న భవనం వెనక మెట్ల మీద, చనిపోయిన నాన్న నిలబడి ఉన్నాడు.

ముఖం ఎవరో తడిగుడ్డతో అలికినట్టు మసకబారి ఉంది. కన్నకూతురికి ముఖమే కావాలా? ఎడమ భుజం కిందికి జారి ఉంది. కుడి చెయ్యి నడుం మీద ఉంది. బస్సు కండక్టరుగా బతుకంతా టికెట్ల సంచి మోసి ఒరిగిపోయిన భుజం అది. అలాంటి భుజం లోకంలో ఇంకొకరికి లేదు.

"ఏంటమ్మా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అన్నాడు అధికారి.

"ఏం లేదు సార్," అంది. 

"ప్లాన్లు చదవగలిగిన మనిషిని పంపమంటే మీ ఆఫీసువాళ్లు నిన్ను పంపారు. చెప్పు మరి. ఈ ఇనుప మెట్లు గోడకు ఎలా బిగించి ఉంటారు? ఒక్కడే విప్పుకోగలడా?"

"ఒక్కడే అంటే?"

"వాచ్‌మన్. మెట్లు విప్పి పాత ఇనుముకు అమ్ముకున్నాడు. లోపలేశాం. వాడేమంటున్నాడో తెలుసా? అసలు అక్కడ మెట్లే లేవట, ఏనాడూ లేవట!" అధికారి ఫొటో మీద వేలు పెట్టి పొడిచాడు. "కళ్లెదురుగా ఉంటే లేవంటాడేంటి? ఈ తుప్పు చూడు. ఎన్ని వానలు తడిస్తే ఇంత చార కారుతుంది?"

ఒక్క వానా తడవలేదు. ఆ తుప్పు ఆమె గీసింది.

ఆఫీసులో ఆమెను అందరూ కెమెరా అంటారు. ఆర్కిటెక్చర్ కాలేజీలో అంటుకున్న పేరు అది. తోటివాళ్లు ఏ గది ఎక్కడ పెట్టాలా అని జుట్టు పీక్కుంటుంటే, ఈమె ఆ గది గోడ మీద సాయంత్రపు ఎండ ఎలా వాలుతుందో గీస్తూ కూర్చునేది. "శుభ్రంగా ఉన్న బొమ్మను ఎవడూ నమ్మడు. కాస్త మురికి పెట్టు," అనేవాడు బొమ్మలు నేర్పిన మాస్టారు. మురికి పెట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. గోడకు చెమ్మ, గడపకు అరుగుదల, మెట్టు మూల ఎండుటాకు. చదువు అవగానే బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుని ఉద్యోగానికి వెళితే, ఆఫీసు యజమాని ఒక పేజీ దగ్గర ఆగి "ఇది ఎక్కడ కట్టారు?" అన్నాడు. "కట్టలేదు సార్, గీశాను," అంది. అక్కడికక్కడే చేర్చుకున్నాడు.

ఆ గుమ్మం దాకా వెంటబెట్టుకుని వెళ్లింది బావ, అక్క మొగుడు. అదే ఆఫీసులో సైటు పనులన్నీ ఆయనే చూస్తాడు. "మా మరదలు పిల్ల గీసిన పాయసం చూస్తే చెంచా కోసం వెతుక్కుంటారు సార్," అని గొప్పలు పోయింది కూడా ఆయనే.

భవనాలు తయారుచేద్దామని వచ్చినదానికి బొమ్మల పనే అంటగట్టారు. కొనేవాళ్లకు అరచేతిలో వైకుంఠం చూపించే పని. బొమ్మలో తలుపు ఎంత ఎత్తో, మెట్టు ఎంత ఎత్తో తెలియాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి. చదువుకునే రోజుల్లో అందుకోసం నాన్ననే పెరట్లో నిలబెట్టి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి దాచుకుంది. "ఇంకెంతసేపే తల్లీ, దీనికన్నా బస్సే నయం, అక్కడ కదలనిస్తారు," అని సణుగుతూనే నిలబడేవాడాయన. ఆమె చదువు చివరికి వస్తుండగా పోయాడు. అప్పట్నుంచీ ఆమె గీసే ప్రతి బొమ్మలోనూ ఏదో ఒక మూల ఉంటున్నాడు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. వాళ్లకు ఆయన ఒట్టి కొలత మనిషి.

ఈ మెట్ల బొమ్మ ఆఫీసు యజమాని, అందరూ సార్ అని పిలిచే ఆయన, గీయమన్నదే. కుట్టుపని ఫ్యాక్టరీ వెనక కట్టబోయే ఇనుప మెట్లు ఎలా ఉంటాయో ఫ్యాక్టరీ యజమానికి చూపించాలన్నాడు. ఖాళీ గోడను ఫొటో తీసి, దాని మీద మెట్లు గీసి, అడుగున 'ఊహాచిత్రం' అని రాసి ఇచ్చింది. ఆ తర్వాత కట్టేశారనే అనుకుంది. ఫ్యాక్టరీలో మంటలు లేచాక, అంతకుముందే మెట్లు ఎవరో దొంగిలించారని ఊరంతా చెప్పుకుంటే, అయ్యో అని తనూ అనుకుంది.

ఇప్పుడు ఆ బొమ్మ అడుగున అక్షరాలు లేవు. కత్తిరించేశారు. భవనం వాడుకునే అనుమతి కోసం పంపిన కాయితాల్లో అది ఫొటో అయి కూర్చుంది.

"కాపీ తీసుకెళ్లు," అన్నాడు అధికారి. "ఒక మనిషి ఈ మెట్లు ఎలా విప్పగలడో రాసి, సంతకం పెట్టి రేపు పొద్దున పట్రా. దాంతో వాడి నోరు మూయిస్తా."

బయట వరండాలో బెంచీ మీద వాచ్‌మన్ పెళ్లాం కూర్చుని ఉంది. ఎవరు బయటికొచ్చినా లేచి నిలబడుతోంది. కెమెరాను చూసీ లేచింది.

"మీరు పెద్ద చదువులు చదివినట్టున్నారు. లోపల కాస్త చెప్పండమ్మా. మేం ఉండేది ఒక్క గది. మా ఆయన అన్ని మెట్లు పట్టుకొస్తే ఎక్కడ పెడతాను, నెత్తిన పెట్టుకుంటానా?" అంటూనే నవ్వబోయింది. నవ్వు రాక ముఖం వంకర పోయింది.

కెమెరా కాపీని మడిచి సంచిలో దూర్చింది. గబగబా మెట్లు దిగిపోయింది.

ఆఫీసుకు వెళ్లి, తిన్నగా సార్ గదిలో దూరి, కాపీ బల్ల మీద పెట్టింది.

"ఇది ఫొటో కాదు సార్. నేను గీసిన బొమ్మ."

సార్ లేచి తలుపు మూశాడు. ఆ మూయడంలోనే తెలిసింది, ఆయనకు ఇది కొత్త కబురు కాదని.

"మీరే పంపారా?"

"ఒట్టు, నేను పంపలేదు. సైటు కాయితాలు నా దాకా రావు. పేపర్లో చూసి గుర్తుపట్టాను. ఎవరు పంపారో తెలుసుకోవాలని కూడా నాకు లేదు. నువ్వూ తెలుసుకోకు."

"వాచ్‌మన్ లోపలున్నాడు సార్."

"లాయర్ని పెడదాంలే. ముందు నీ సంగతి చూసుకో. అది బొమ్మ అని నువ్వు అన్న మరుక్షణం అడిగేదేంటో తెలుసా? 'ఇంత నిజంలా ఎందుకు గీశావమ్మా?' అని. ఏం చెబుతావ్?"

సార్ కాపీని ఆమె వైపు తోశాడు.

"ఆర్కిటెక్టు లైసెన్సు చేతికి రాకముందే పేరు చెడగొట్టుకుంటావా? బోల్టుల గురించి నాలుగు ముక్కలు రాసి పడెయ్. బొమ్మలు గీసి గీసి విసుగెత్తావని నాకు తెలుసు. వచ్చే నెల నుంచి ఒక ఇంటి పని నీ చేతిలో పెడతా. పునాది నుంచి గొళ్లెం దాకా నువ్వే తయారుచెయ్యి. ఏమంటావ్?"

ఆ మాట కోసమే చేరిన రోజు నుంచీ ఎదురుచూసింది. మనసు ఊగింది. ఊగినందుకు సిగ్గేసింది. అయినా వెళ్లి కుర్చీలో కూర్చుంది. 'ఒక మనిషి ఒక రోజులో' అని రాయడం మొదలుపెట్టింది కూడా. కొలతలు సరిచూసుకుందామని కంప్యూటర్లో అసలు బొమ్మ తెరిచింది.

అందులో నాన్న ముఖం స్పష్టంగా ఉంది. కళ్లు చిట్లించి, ఇంకెంతసేపే అన్నట్టు.

కాపీ వంక చూసింది. మసక. మళ్లీ తెర వంక చూసింది. మెట్లు చెక్కుచెదరలేదు, తుప్పు చెక్కుచెదరలేదు. ఎండుటాకు కూడా అలాగే ఉంది. ముఖం ఒక్కటే చెరిపారు. ఎందుకు? ఆఫీసులో ఆ ముఖం ఎవరికీ తెలియదే! తెలియని ముఖాన్ని చెరపాల్సిన ఖర్మ ఎవరికి? ఫొటోలో ఎవడో దారినపోయే మనిషి ఉంటే ఇంకా నమ్మకంగానే ఉంటుంది కదా?

ఆ ముఖాన్ని చూసి భయపడినవాడే చెరిపాడు. ఆ మనిషి బతికిలేడని తెలిసినవాడు. గుర్తుపట్టేవాళ్లు తన ఇంట్లోనే ఉన్నవాడు.

కెమెరా పెన్ను పక్కన పెట్టి, అసలు బొమ్మను కూడా కాయితం మీద ముద్రించుకుంది.

మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లింది. అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బావ కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. సగం ముఖం నురగలో ఉంది.

"ఏం మరదలా, పొద్దున్నే ఊడిపడ్డావ్? మా ఇంటి బొమ్మ గీస్తావా ఏంటి? గీస్తే ఇంకో గది కలిపి గీయి, అద్దె పెరగదుగా!"

కెమెరా నవ్వలేదు. రెండు కాయితాలు మడతపెట్టిన బట్టల మీద పరిచింది. ఒకటి తన బొమ్మ, రెండోది అధికారి ఇచ్చిన కాపీ.

అక్క మొదటిది చూసి మురిసిపోయింది. "నాన్న! ఎంత బాగా పెట్టావే!" రెండోది చేతిలోకి తీసుకుంది. నవ్వు మెల్లగా ఆరిపోయింది. "ఇదేంటి, ముఖం ఇలా..."

"అది నేను చేసింది కాదక్కా. కాలిపోయిన ఫ్యాక్టరీకి మెట్లు ఉన్నాయని చూపించడానికి ఎవరో దీన్ని ఫొటో అని పంపారు. అక్కడ మెట్లు కట్టనే లేదు. దీన్ని చూపించే వాచ్‌మన్‌ను లోపలేశారు."

అద్దం దగ్గర గీసుకుంటున్న చప్పుడు ఆగింది.

"ఎవరు పంపారు?" అంది అక్క.

కెమెరా అద్దం వైపు చూసింది. అక్క చెల్లెలి ముఖం చూసింది. తర్వాత అద్దంలో మొగుడి ముఖం చూసింది. అక్కకు చదువు తక్కువేమో కానీ, ఆ అద్దంలో ఉన్నది చదవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

"ఏవండీ, ఇటు తిరగండి."

బావ తిరగలేదు. "ఆఫీసు గొడవలు ఇంట్లో ఎందుకే? నువ్వు లోపలికెళ్లు."

"ఇటు తిరగమన్నాను. మా నాన్న ముఖం చెరిపింది మీరేనా?"

"నీకు పిచ్చా? ఎవడో చేస్తే నాకేం..." బావ కత్తి పక్కన పెట్టేసి, మరదలి వైపు తిరిగాడు. నురగ గడ్డం మీంచి చొక్కా మీదికి కారుతోంది. "నువ్వు సంతకం పెట్టేస్తే అయిపోతుందిగా! వాడెవడో వాచ్‌మన్. ఇది నీ అక్క కాపురం. ఈ ఉద్యోగం ఎవరు ఇప్పించారే నీకు?"

"నువ్వే బావా," అంది కెమెరా. "అందుకే ముందు ఇక్కడికొచ్చాను. లేకపోతే తిన్నగా అధికారి దగ్గరికే పోయేదాన్ని. ఇప్పుడు పోతున్నాను. అది నేను గీసిన బొమ్మ అని చెబుతాను. ఎవరు పంపారని అడిగితే, ముఖం చెరిపిన సంగతీ చెబుతాను. లైసెన్సు రాకపోతే పోనీ. నువ్వు వస్తే మాత్రం నీ మాట నువ్వే చెప్పుకుంటావు."

"నేను రాను."

అక్క గొంతు పెంచలేదు. బట్టల్లోంచి ఉతికిన చొక్కా ఒకటి తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"ముఖం కడుక్కుని ఇది వేసుకోండి. మీరు వెళ్లకపోతే మా నాన్నను గుర్తుపట్టానని చెప్పడానికి నేను వెళతాను. అప్పుడు ఈ ఇంటికి మళ్లీ తిరిగిరాను."

బావ తువ్వాలుతో నురగ తుడుచుకుని చొక్కా వేసుకున్నాడు. సగం గీసిన గడ్డంతోనే బయల్దేరాడు. అక్కా చెల్లెళ్లు ఆయన వెనకే నడిచారు.

వరండాలో వాచ్‌మన్ పెళ్లాం మళ్లీ లేచి నిలబడింది. బావ ఆమె వైపు చూడకుండా లోపలికి నడిచాడు.

అధికారి మొదట కెమెరా వైపే చెయ్యి చాచాడు. "రాసి తెచ్చావా?"

"రాయలేదు సార్. అది ఫొటో కాదు, నేను గీసిన బొమ్మ. తుప్పు కూడా నేనే గీశాను. అక్కడ మెట్లు ఎప్పుడూ లేవు. వాచ్‌మన్ చెప్పింది నిజం."

అధికారి ఫొటోను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. ముఖంలో రంగు మారింది. "మరి దీన్ని ఎవరు..."

"నేను," అన్నాడు బావ. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడకు చేరబడి, నేల చూస్తూ చెప్పుకుపోయాడు.

"రాసుకోండి సార్. పంపింది నేనే. మా ఆఫీసు సార్‌కు తెలియదు, ఈ పిల్లకూ తెలియదు. భవనం వాడుకోవాలంటే వెనక మెట్లు కట్టినట్టు ఫొటో పెట్టాలి. ఇనుము రాలేదు. కుట్టు మిషన్లు వచ్చి దిగిపోయాయని ఫ్యాక్టరీ యజమాని నా నెత్తిన కూర్చున్నాడు. ఇంకా ఆలస్యమైతే వేరేవాణ్ని చూసుకుంటానని మా సార్ అన్నాడు. కంప్యూటర్లో ఈ బొమ్మ కనపడింది. నేనే ఒక నిమిషం నిజమనుకున్నాను, మెట్లు ఎప్పుడు కట్టారబ్బా అని. అడుగున అక్షరాలు కత్తిరించాను. పంపబోతుంటే బొమ్మలోంచి మా మామగారు నావైపే చూస్తున్నారు. తీసేద్దామంటే నాకు ఆ పని చేతకాదు. ముఖం అలికాను. ఇనుము రాగానే కట్టేద్దామనే అనుకున్నాను, నిజం. కానీ అనుమతి వచ్చేసింది. వచ్చాక మెట్ల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. వచ్చిన ఇనుము వేరే సైటుకు పోయింది. ఎవరైనా తెరిచి పడిపోతారని, పై అంతస్తులో ఆ మెట్ల కోసం పెట్టిన తలుపుకు తాళం నేనే వేయించాను. పెద్ద మంచిపని చేశాననుకున్నాను. మంటలు లేచిన రోజు నేను అక్కడే ఉన్నాను సార్, కింద, జనంలో. పైన తాళం పగలగొడుతున్న చప్పుడు వినపడింది. తెరవొద్దని అరవాలి. అరిస్తే, మెట్లు లేవని నీకెలా తెలుసని అడుగుతారు కదా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. తలుపు తెరుచుకుంది. ముందున్న అమ్మాయి కిందికి చూడలేదు సార్, వెనకవాళ్లను రమ్మని పిలుస్తూ, మెట్టు ఉందనుకునే కాలు పెట్టింది."