మూడో వంతు, నాలుగో వంతు

టీచరమ్మ చార్టు గీసిందంటే అచ్చు గుద్దినట్టుంటుంది. అలాంటిది, భిన్నాల చార్టు గోడకెక్కి వారం దాటినా నాలుగో తరగతి పిల్లలు పట్టిన పట్టు విడవడం లేదు. మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదట!

"శుక్రవారం నేనొచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను," అంది హెడ్మిస్ట్రెస్. "అప్పటికీ ఇదే వరసైతే లెక్కలు పక్క సెక్షన్ మాస్టారికి అప్పగిస్తాను. ఏమీ అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటుంది? లెక్కలు పోతే టీచరమ్మకి మిగిలేది డ్రిల్లు పీరియడే.

వేరే ఊళ్ళో టీచరుగా ఉన్న చెల్లెలు ఫోన్లో చీవాట్లు పెట్టింది. "నిన్ను టీచర్ల గ్రూపులో చేర్పించింది పొద్దున్నే పూల బొమ్మలు పంపడానికా అక్కా? అడుగు!"

"అంతమందిలో నాకు చెప్పడం రాదని దండోరా వేసుకోనా?"

"పిల్లలకి ఎక్కడం లేదని అడగడానికి దండోరా ఎందుకు?"

గుండె రాయి చేసుకుని చార్టు ఫోటో తీసి, కింద సంగతి రాసి గ్రూపులో పెట్టింది. చప్పట్ల బొమ్మలు జడివానలా కురిశాయి. "ఎంత ముచ్చటైన రాతండీ!" అన్నారంతా. ఒకావిడ భిన్నాల పాట కూడా పంపింది. పిల్లలు పాట హాయిగా పాడి, మళ్ళీ నాలుగో వంతే పెద్దదన్నారు.

చిలక ఫోటో పెట్టుకున్న మాస్టారొకాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. "ఎందుకలా అనుకుంటున్నారో పిల్లల్ని అడిగారా?" అని రాశాడు.

"చూశావా, ఆ చిలక నాకు పాఠాలు చెప్తోంది!" అని చెల్లెలి దగ్గర మండిపడింది.

"ఇంతకీ అడిగావా?"

టీచరమ్మ స్టవ్ మీద పాలున్నాయని ఫోన్ పెట్టేసింది.

గురువారం అడిగింది. ముందు బెంచీలోని రెండు జడల పిల్ల, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు గోడకేసి చెయ్యి చూపించింది. "మీరే గీశారు కదా టీచర్!"

మూడు ముక్కల గుండ్రం చిన్నది. నాలుగు ముక్కలది చాటంత ఉంది. ముక్కముక్కలోనూ 'నాలుగో వంతు' అని పొందిగ్గా రాయాలంటే చోటు చాలదని తనే పెద్దది గీసింది. పిల్లలు కళ్ళతో చూసిందే చెప్పారు. టీచరమ్మకి సిగ్గూ నవ్వూ కలిసే వచ్చాయి. చార్టు పీకేసి, తన టిఫిన్ డబ్బా మూత బోర్డు మీద పెట్టి రెండు గుండ్రాలూ దాంతోనే గీసింది.

శుక్రవారం హెడ్మిస్ట్రెస్ అడిగింది. "పదో వంతు పెద్దదా, వందో వంతా?"

"పదో వంతు!" అంది క్లాసంతా.

"గుండ్రం ఒకటే అయితేనే మేడమ్," అని సరిదిద్దింది రెండు జడల పిల్ల. "వేరువేరైతే చూసి చెప్పాలి."

వరండాలోకి వచ్చాక హెడ్మిస్ట్రెస్ గొంతు తగ్గించింది. "లెక్కలు మీరే చెప్పండి. ఇంతకీ ఈ కిటుకు ఎవరు చెప్పారు?"

"చెప్పలేదండీ, అడిగారు. మా గ్రూపులో ఒకాయన."

"అయితే నన్నూ చేర్చండి. ఏడో తరగతికి దశాంశాలు చెప్పలేక చస్తున్నాను. హెడ్మిస్ట్రెస్‌నని మాత్రం ఎవరితోనూ అనకండి, మీకు పుణ్యముంటుంది!"