గేనర్ జీతం, డంకన్ కారు

గేనర్‌కు కోపం రాదని మా ఎక్స్‌రే విభాగంలో పేరు. విరిగిన చెయ్యి కదిపినందుకు తాగుబోతులు బూతులు తిడుతున్నా "అయిపోయింది నాయనా, ఇంకొక్క ఫొటో" అనేది. అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం గ్రిమ్స్‌బీ ఊరి చివర సూపర్‌మార్కెట్ ముందు మొగుడి మీద అరిచిన అరుపులకు, ట్రాలీలు తోసుకుపోతున్న జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. నేను పక్కనే ఉన్నాను. ఆపాలని నాకు అనిపించలేదు.

అంతా ఆసుపత్రి వాళ్లు పెట్టిన కారు పథకంతో మొదలైంది. దాని పేరే జీతత్యాగం. మన కోసం వాళ్లు కరెంటు కారు లీజుకు తీసుకుంటారు. పన్ను పడకముందే మన జీతంలోంచి నెలనెలా దాని ఖర్చు కోసుకుంటారు. బీమా, టైర్లు, మరమ్మతులు అన్నీ అందులోనే. మూడేళ్ల ఒప్పందం, మధ్యలో వద్దంటే జరిమానా. జీతం తగ్గుతుంది గనక రేపటి పెన్షన్ కూడా ఎంతో కొంత తగ్గుతుంది. గేనర్ ఇదంతా రెండు సార్లు చదువుకుని మరీ సంతకం పెట్టింది. పొద్దున్నే డ్యూటీకి వెచ్చగా వెళ్లాలన్నది ఆమె కోరిక. అంతకు మించి ఏమీ లేదు.

ఆమె భర్త డంకన్ ఇళ్లలో వంటగదులు బిగించే పని చేస్తాడు. సొంత వ్యాపారం, ఎవరి దగ్గరా ఉద్యోగి కాదు, కాబట్టి అతనికి ఈ పథకం వర్తించదు. "నీకు కాబట్టి వస్తోంది గేన్, వదులుకోకు" అని దగ్గరుండి ప్రోత్సహించాడు. ఆమె నీలం రంగు అడిగితే, బూడిద రంగైతే హుందాగా ఉంటుందన్నాడు. బూడిద రంగే వచ్చింది. గేనర్ తన పాత చిన్న కారు అమ్మేసింది.

మొదటి నెల ఆమే నడిపింది. తర్వాత డంకన్, "రేపొక్కరోజు ఇస్తావా? ఒక ఇంట్లో కొలతలు తీసుకోవాలి" అన్నాడు. "వ్యాన్‌లో వెళితే జనం బేరమాడుతున్నారు. ఈ కారులోంచి దిగితే నోరెత్తరు." ఒక్కరోజు కాస్తా వారమైంది. వారం కాస్తా అలవాటైంది. వ్యాన్ ఇంటి ముందు నాచు పట్టింది. వ్యాపారం పనికి ఆ కారు వాడకూడదని ఒప్పందంలో ఉందని ఆమె చెబితే, "ఎవడు చూస్తాడు?" అన్నాడు.

ఒక ఉదయం జోరువానలో బస్టాపులో నిలబడి ఉన్న ఆమెను చూసి నా కారు ఆపాను.

"నీ కారేదీ?"

"డంకన్‌కు పనుంది, నస్రీన్."

"నిన్నా పనేనా? మొన్నా పనేనా?"

"నువ్వు కూడా మొదలుపెట్టకు" అంది. బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ రోజు దారంతా నేనే గొణిగాను, ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ ఆదివారం డంకన్ తల్లి ఐరిస్ పుట్టినరోజని, దగ్గర్లోని లౌత్ ఊళ్లో ఆమె ఇంట్లో అందరికీ భోజనం. అక్కడ జరిగింది తర్వాత గేనర్ నాకు మాట పొల్లుపోకుండా చెప్పింది. డంకన్ అన్న హోవర్డ్ కారు చుట్టూ తిరిగి, టైరును కాలితో తట్టి, "ఎట్టకేలకు మనిషివయ్యావురా తమ్ముడూ!" అన్నాడట. డంకన్ కాలరు సర్దుకుని, "ఒళ్లొంచి పనిచేస్తే అన్నీ వస్తాయి అన్నయ్యా" అన్నాడట. గేనర్ లోపలికెళ్లి బంగాళదుంపలు వడ్డించింది.

అందరూ కూర్చున్నాక ఐరిస్ అడిగింది. "ఏం గేనర్, మావాడు అప్పుడప్పుడైనా నిన్ను నడపనిస్తాడా?"

బల్ల చుట్టూ నవ్వులు.

"లీజు కారమ్మా" అన్నాడు డంకన్, మాంసం కోస్తూ. "గీత పడితే బిల్లు నాకే. ఈవిడ పార్కింగ్ సంగతి నీకు తెలుసుగా!"

మళ్లీ నవ్వులు. గేనర్ గ్రేవీ గిన్నె కింద పెట్టింది.

"ఎవరికి బిల్లు?"

"సరదాకన్నాలే గేన్."

"సరదాకే అడుగుతున్నాను. బిల్లు ఎవరికి?"

"అందరి ముందూ ఏమిటిది? తిను, చల్లారిపోతుంది."

"ఐరిస్, ఆ కారు నా జీతంలోంచి పోతోంది. మీ అబ్బాయి దాని మీద పైసా పెట్టలేదు. నేను పొద్దున్నే బస్సులో పోతున్నాను."

ఐరిస్ ముఖం ముడుచుకుంది. "మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏమిటమ్మా? నా పుట్టినరోజు నాడేనా ఈ గొడవ?"

డంకన్ తల వంచుకుని పళ్లెంలోకి చూస్తున్నాడట. ఒక్క మాట, "అవునమ్మా, కారు తనదే" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. గేనర్ లేచి, నడవలో వేలాడుతున్న అతని కోటు జేబులోంచి తాళం తీసుకుని బయటికి నడిచింది. చల్లగాలికి వెళ్లిందనుకున్నారు వాళ్లు.

కారు తలుపు తీయగానే తెర మీద "స్వాగతం డంకన్" అని వచ్చింది. సీటు అతని కాళ్లకు సరిపడా వెనక్కి పోయి ఉంది. అద్దాలు అతని కళ్లకు సరిపడా తిరిగి ఉన్నాయి. వెనక సీటు నిండా టైల్స్ ముక్కలు, కొలత టేపులు, ఎండిపోయిన కాఫీ కప్పులు. "ఎవడ్రా డంకన్? ఎవడు?" అని ఆ తెర మీదే అరిచానంది. గొంతు బొంగురుపోయేదాకా అరిచి, సీటు ముందుకు లాక్కుని బయలుదేరింది.

సగం దారికి వచ్చాక బ్యాటరీ ఎర్రగా మెరవడం మొదలైంది. చార్జింగ్ పెట్టడం డంకన్ పని కాదు. రోజూ రాత్రి వైరు గుచ్చేది ఆమే. ముందు రోజు ఆమెకు పొద్దుపోయేదాకా డ్యూటీ, అతను పట్టించుకోలేదు. ఎలాగో ఊరి చివర సూపర్‌మార్కెట్ దాకా ఈడ్చుకొచ్చి, అక్కడి చార్జింగ్ స్తంభం దగ్గర కారుకు వైరు గుచ్చి నాకు ఫోన్ చేసింది.

"నస్రీన్, రాగలవా? ఊరికే పక్కన నిలబడు చాలు. ఒక్కదాన్నే ఉంటే ఏడ్చేస్తాను. నేను ఏడవదలుచుకోలేదు."

నేను వెళ్లేసరికి ఆమె టైల్స్ ముక్కలన్నీ ఏరి చెత్తడబ్బాలో వేస్తోంది. ఒక్కొక్కటీ విసిరి మరీ వేస్తోంది. నేనూ నాలుగు విసిరాను. కాసేపటికి హోవర్డ్ కారు వచ్చి ఆగింది. హోవర్డ్ లోపలే కూర్చున్నాడు. డంకన్ దిగాడు.

"నీకు మతి పోయిందా? మా అమ్మ ముందు నా పరువు తీశావు!"

"నీ పరువా? నా జీతంతో కొన్న పరువా?"

"మెల్లిగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు."

"చూడనీ! ఇన్ని నెలలుగా వానలో నిలబడ్డప్పుడు కూడా అందరూ చూశారు. నువ్వొక్కడివే చూడలేదు."

డంకన్ నా వైపు తిరిగాడు. "నువ్వేనా ఎక్కించింది?"

"నేను బస్సు మాత్రం ఎక్కించలేదు" అన్నాను.

అతని ముఖం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. గొంతు తగ్గించాడు. "పనులు లేవు గేన్. చలికాలం నుంచీ సరైన ఆర్డరు లేదు. వ్యాన్‌లో పోతే కాఫీ కూడా ఇవ్వడం లేదు జనం. ఈ కారులో పోతే కనీసం... కనీసం సర్ అంటున్నారు."

నాకు ఒక్క క్షణం జాలేసింది. గేనర్‌కు కూడా వేసిందేమో. గొంతు మాత్రం ఇంకా పెరిగింది.

"ఆ మాట నాకెందుకు చెప్పలేదు? చెబితే నేనే ఇచ్చేదాన్నిరా వెర్రివాడా! నేను పెట్టిందే తింటూ, నన్నే చూపించి నవ్వించావు. పార్కింగ్ రాదా నాకు? అటు చూడు, గీతల మధ్య ఎలా ఆపానో చూడు! ఆ తర్వాత హోవర్డ్ కారెక్కి వెళ్లిపో."

"మరి రేపు నేను పనికెలా వెళ్లాలి?"

"వ్యాన్ కడుక్కో. లేదంటే బస్టాపు ఎక్కడో నేను చూపిస్తాను."

సిగరెట్ తాగుతున్న ఒక పెద్దావిడ, మాకు పరిచయం కూడా లేదు, చప్పట్లు కొట్టింది. డంకన్ వెళ్లిపోయాడు.

సోమవారం భోజన విరామంలో గేనర్ నా ఎదురుగానే కారు కంపెనీకి ఫోన్ చేసి, నడిపేవాళ్లలోంచి డంకన్ పేరు తీయించేసింది. ఆ సాయంత్రం ఐరిస్ ఫోన్ చేసి, క్షమాపణ ఒకటి చెబితే అందరూ మర్చిపోతారంది. "చెప్పమనండి, వింటాను" అని పెట్టేసింది గేనర్.

వాళ్లు విడిపోలేదు. డంకన్ వ్యాన్ కడిగాడు, బ్యాటరీ మార్పించాడు, చిన్నాచితకా పనులు ఒప్పుకుంటున్నాడు. చాలా రోజులు ఇంట్లో మాటల్లేవు. "కోపం తగ్గిందా?" అని ఒకసారి అడిగాను. "లేదు. రోజూ పొద్దున అద్దం సర్దుకోనక్కర్లేకుండా కూర్చున్నప్పుడల్లా ఇంకా పెరుగుతోంది. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నానా అని" అంది.

మొన్న వ్యాన్ మళ్లీ మొరాయిస్తే, పళ్ల డాక్టరు దగ్గర దింపమని డంకన్ అడిగాడట. సరే ఎక్కమంది. పక్క సీట్లో కూర్చుని అతను కాసేపు బుద్ధిగానే ఉన్నాడు. రౌండబౌట్ కూడలి దగ్గరికి రాగానే నోరు ఊరుకోలేదు. "ఎడమకు, ఎడమకు... అబ్బా, అంత దగ్గరగా కాదు!"

గేనర్ పక్కకు తీసి ఆపింది. "దిగు" అంది.

"ఇంకా మైలుంది గేన్!"

"నడువు. నొప్పి పళ్లకు, కాళ్లకు కాదు కదా."

దిగాడు. ఆమె నేరుగా డ్యూటీకొచ్చి ఈ సంగతి చెప్పింది. మొదటి రోగిని పిలిచే ముందు టీ సగం తాగి, కప్పు నా చేతికిచ్చి లోపలికెళ్లింది.