జోనా ప్రార్థన చేస్తున్నాడు

జోనా పోయాక కూడా అతని మెయిల్ జవాబులిస్తూనే ఉంది. బ్రూక్‌ఫీల్డ్‌లోని తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రార్థన మనవులు చూసేది అతనే. ఆస్పత్రిలో చేరే ముందు, మనవి పంపినవాళ్ళు ఎదురుచూపులు చూడకూడదని, వచ్చిన ప్రతి మెయిల్‌కీ దానంతటదే జవాబు వెళ్ళేలా పెట్టాడు. “వందనాలు. మీ మనవి అందింది. మీ కోసం ప్రార్థన చేస్తున్నాను. జోనా.”

అతని భార్య కృప దాన్ని ఆపలేదు. ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి బస్సెక్కగానే భర్తకు ఓ మెయిల్ పెట్టేది. కాళ్ళు పీకుతున్నాయనో, పప్పులో ఉప్పు ఎక్కువైందనో. మరుక్షణం జవాబు వచ్చేది. బతికుండగా ఇంత చురుగ్గా ఎన్నడైనా పలికాడా మహానుభావుడు, అని నవ్వుకునేది. నవ్వుతూనే ఏడ్చేది.

అయితే ఆ జవాబుకు మనిషెవరో మాయగాడెవడో తెలియదు. లాటరీ తగిలిందన్నవాడికీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తానన్నవాడికీ అదే వరస, మీ కోసం ప్రార్థన చేస్తున్నానని. పిలిస్తే పలికే ఇల్లు దొరికాక అలాంటివాళ్ళు ఊరుకుంటారా? చెత్త మెయిళ్ళు వచ్చి పడ్డాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘంలో పెద్దావిడ విజయకుమారి కృప చెయ్యి పట్టుకుంది.

“కృపమ్మా, జోనా నాకు మెయిల్ పంపినాడు. నా కోసం ప్రార్థన చేస్తా ఉండాడంట. కింద ఏందో నొక్కమన్నాడు. నేను మనవే పంపలేదే. పైన వానికి నెమ్మది దొరకలేదా అమ్మా?”

కృప పక్కనున్నవాళ్ళను అడిగింది. అలాంటి మెయిల్ ఇంకా చాలామందికి వచ్చిందట. కంప్యూటర్ పని తెలిసిన దేవరాజ్ పెద్దావిడ ఫోన్ చూసి తల దించుకున్నాడు.

“దొంగ మెయిలక్కా. అన్న జవాబు వాళ్ళకీ పోతా ఉండాది కదా, ఆ మాటలే కాపీ కొట్టి, అన్న పేరు పెట్టి పంపిస్తా ఉండారు. మన అడ్రసులన్నీ సంఘం వెబ్‌సైట్లోనే ఉండాయి. జవాబు ఆపకపోతే ఇంకా రెచ్చిపోతారు. ఆపేసేదా?”

“నేనే ఆపుతాలేప్పా,” అంది కృప.

ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి చివరి మెయిల్ పెట్టింది. ‘నిన్ను ఆపేస్తున్నా జోనా, కోపం తెచ్చుకోకు.’ ఎప్పటిలాగే జవాబు వచ్చింది. అది చదివి, కళ్ళు తుడుచుకుని, ఆపేసింది. మనసు ఒప్పక మరొకటి పంపింది. ‘ఉన్నావా?’

ఏమీ రాలేదు. భర్తను రెండోసారి సమాధి చేసినట్టయింది. ఈసారి మట్టి వేసింది తనొక్కతే. స్టవ్ ఆర్పి, గోడకు చేరగిలబడింది.

అప్పుడు మెయిల్ వచ్చినట్టు ఫోన్ మోగింది. తెర మీద జోనా పేరు.

“వందనాలు. మీ మనవి అందింది. మీ కోసం ప్రార్థన చేస్తున్నాను.”

కింద నీలం రంగులో ఓ లింకు ఉంది. పంపిన అడ్రసు ఎవరిదో. దొంగల పనేనని ఆమెకు తెలుసు. లింకు ముట్టుకోలేదు. కానీ చెరిపేయడానికి చెయ్యి రాలేదు.

కృప తల వంచి, “ఆమేన్” అంది.