జానెడు షార్కు

ఫ్యాను రెండులో ఉండాలా మూడులో ఉండాలా అన్నదాని మీద పొద్దున్నే అత్తకీ కోడలికీ మాటామాటా పెరిగింది. మూడులో పెడితే బల్ల మీద పరచిన కొలతల కాగితాలు ఎగిరిపోతాయని అత్త. రెండులో ఉంటే మిషను దగ్గర తను ఉడికిపోతున్నానని కోడలు.

"కాగితాల మీద ఏదైనా బరువు పెట్టుకోవచ్చుగా అత్తయ్యా?"

"నువ్వు మిషను ఇటు జరుపుకోవచ్చుగా?"

ఫ్యాను రెండులోనే తిరిగింది. ఆ కుట్టుగదిలో అంతే. పెళ్ళయిన తొమ్మిదేళ్ళుగా కోడలు అంచులు మడుస్తోంది, కాజాలు తీస్తోంది, గుండీలు కుడుతోంది. సుద్దగీత గీసి బట్ట కత్తిరించడం మాత్రం అత్తగారి సొత్తు. ఆ పని తన చేతికి ఎప్పుడొస్తుందా అని కోడలు చూసి చూసి విసిగిపోయింది.

మధ్యాహ్నం ఎనిమిదేళ్ళ కూతురు బడి నాటకానికి రెండు వేషాలు కావాలంటూ వచ్చింది. స్నేహితురాలు వాన అడవిలో చెట్టు, తను సముద్రం అడుగున లాంతరు షార్కు. రెండూ చీకట్లోనే బతుకుతాయట.

"మరి తేడా ఏమిటే?" అంది నానమ్మ.

"చెట్టేమో మొక్కగా ఉన్నప్పుడు నీడలో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. పక్కనున్న పెద్దచెట్టు పడిపోతే గానీ దానికి ఎండ తగలదు. మా షార్కు జానెడే! కానీ దాని పొట్ట దానంతటదే వెలుగుతుంది."

కోడలు తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఎందుకా నవ్వు? నేనెప్పుడు పడతానా అనా?"

"అయ్యో, మీరు నిండు నూరేళ్ళు ఉండండి అత్తయ్యా. చెట్టు మీది. ఆ షార్కును మాత్రం నేనే కత్తిరిస్తా."

"బట్ట పాడు చేస్తే?"

"నా పాత దుప్పటే లెండి."

అత్తగారు కత్తెర కోడలి వైపు జరిపింది.

మొదటి రెక్క చేటంత వచ్చింది. సలహా నోట్లోంచి జారకుండా అత్తగారు రెండుసార్లు మంచినీళ్ళకు వెళ్ళొచ్చింది. రెండోది సరిగ్గా కుదిరింది. పొట్ట కింద చిన్న నీలం బల్బులు కుట్టి తొడిగితే, పిల్ల బల్ల కింద దూరి పాకింది. నేలంతా నీలంగా మెరిసింది.

"రెక్క కాస్త వంకర," అంది అత్త. రెక్క కొస లాగి చూసి, "కుట్టు గట్టిగానే ఉంది," అంది.

భోజనాల దగ్గర నలుగురూ కూర్చున్నాక కోడలు గరిటె పక్కన పెట్టింది.

"రేపట్నుంచి ముందుగదిలో కిటికీ పక్కన నా బల్ల వేసుకుంటున్నా. నాటకాల వేషాలు నేనే కత్తిరించి నేనే కుడతా. మీ అంచులూ కాజాలూ సాయంత్రం చూస్తా."

భర్త తల్లి వైపు చూశాడు.

"నా వైపెందుకురా చూపు? తను అడగట్లేదుగా, చెబుతోంది," అంటూ అత్తగారు కూరగిన్నె కోడలి వైపు తోసింది. "బల్ల మాత్రం ఎత్తుగా చేయించుకో. నాలా నడుం పోగొట్టుకోకు."