దొరకని ఇండ్లు

తెలుగు సారుగా రిటైరైన దేవన్న పల్లె మాటలు పోగేసి నిఘంటువు వేయిస్తున్నాడు. అది తొంభై ఏడో సంవత్సరం. సగం మాటలు కామారెడ్డిలో హమీదున్నీసా కంప్యూటరులో కొట్టింది, మిగతా సగం ఎల్లారెడ్డిలో భూమేశ్.

"ఇండ్లు, పండ్లు లెక్క 'ండ్లు'తో అయిపోయే మాటలన్నీ ఒక్కకాడికి తే బిడ్డా" అన్నాడు సారు. హమీదున్నీసా కంప్యూటరు వెతకడానికి ఒక గుర్తుల సూత్రం రాసింది. ఆమె ఫ్లాపీలోంచి మాటలు బిలబిలా వచ్చాయి. భూమేశ్ పంపిన ఫ్లాపీలోంచి ఒక్కటీ రాలేదు.

"పోరడు పని ఎగ్గొట్టిండు" అనుకుని సారు భూమేశ్‌కు ఫోను చేసి కడిగేశాడు. "అన్నీ కొట్టిన సార్" అని మాత్రం అన్నాడు భూమేశ్.

హమీదున్నీసాకు మనసొప్పలేదు. మర్నాడు ఎల్లారెడ్డి బస్సెక్కింది.

భూమేశ్ తెర మీద 'ఇండ్లు' నిక్షేపంగా ఉంది. "చూడక్కా, ఏంది లేనిది?"

ఆమె తెలుగు ఫాంటు తీసేసి చూసింది. మాట కాస్తా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ అయిపోయింది.

"నా కంప్యూటరు అక్షరాన్ని దాస్తది భూమేశ్, నీది దాని బొమ్మను ముక్కలు చేసి దాస్తది. తలకట్టొక ముక్క, వత్తొక ముక్క. నా సూత్రానికి నీ మాటలెట్ల కనబడతయి?"

ఆ ముక్కలతోనే సూత్రం మళ్లీ రాసింది. ఈసారి పండు, గుండు, ఎండ, కుండ వచ్చాయి. పండ్లు మాత్రం రాలేదు. ఇద్దరూ చాయ్ తాగుతూ ఆ సూత్రాన్నే చూస్తూ కూర్చున్నారు.

"అక్కా, గీ చివర నక్షత్రం గుర్తు ఏంది?"

"నీ ఫాంటుల అది ల-వత్తు." అని, ఆమె కప్పు కింద పెట్టేసింది. "అయ్యో! సూత్రంల నక్షత్రమంటే, ముందున్న గుర్తు ఉన్నా లేకున్నా సరే అని అర్థం. అందుకే కొమ్మున్న పండూ వచ్చింది, కొమ్ము లేని ఎండా వచ్చింది. ల-వత్తును వెతకమంటే కంప్యూటరు హుకుం అనుకున్నది!"

నక్షత్రం ముందు ఒక ఏటవాలు గీత పెట్టింది, దాన్ని ఉత్త గుర్తుగానే చూడమని. ఇండ్లు, కండ్లు, బండ్లు, అన్నీ దిగాయి.

కబురందగానే దేవన్న సారు వచ్చాడు. తెర మీది మాటలన్నీ వరసగా చదివాడు. "అడగకుండనే నోరు జారిన భూమేశ్. మనసుల పెట్టుకోకు."

"కూసోండ్రి సార్" అని భూమేశ్ కుర్చీ జరిపాడు. తెర మీద ఒక మాట చూపి తనే అన్నాడు: "సార్, గీ మాటను మా అవ్వ వేరే తీరుగ అంటది. చెప్పమంటరా?"

సారు జేబులోంచి కలం తీశాడు.