ఆకుపచ్చ పోగు

హెలెన్ వాళ్ళ ఆవుల ఫారంలో పనికి చేరిన రోజే శ్రీజకు ఒక కట్టడి తెలిసింది. చెవికి ఎర్ర పోగున్న ఆవు పాలు ఏ దూడ నోట్లోనూ ఒక్క చుక్క పడకూడదు. మిగతా పనులన్నీ మెల్లగా నేర్చుకోవచ్చు గానీ ఇది మాత్రం ఇవాళే నేర్చుకోవాలని హెలెన్ ఆ మాట రెండుసార్లు చెప్పింది. శ్రీజ రెండుసార్లూ బుద్ధిగా తల ఊపింది.

లండన్ పక్కన వాట్‌ఫర్డ్ దాటి, బస్సు దిగి, బురద దారిన కాస్త నడిస్తే వస్తుంది ఆ ఫారం. అరవై దాటిన హెలెన్, ఆవిడ తండ్రి వదిలి వెళ్ళిన నలభై ఆవులు. పాలు పితకడానికి పొద్దునా సాయంత్రం ఒకతను వచ్చిపోతాడు. దూడల పని శ్రీజది. ఆమె మొగుడు వంశీ వాట్‌ఫర్డ్‌లో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. అతని వెంట వచ్చి రెండేళ్ళు ఫ్లాట్‌లో గోడలు చూసి చూసి విసిగిపోయి, రేపల్లెలో పుట్టిన దానికి దూడలు కొత్తా అనుకుంటూ ఈ పనిలో చేరింది. ఇంగ్లండ్ వచ్చి పేడ ఎత్తుతున్న సంగతి రేపల్లెలో ఉన్న మామగారికి మాత్రం చెప్పొద్దని వంశీ చేతులు జోడించాడు.

పని ఆమెకు నచ్చింది. గోరువెచ్చటి నీళ్ళలో పాలపొడి కలపడం, సీసాలకు రబ్బరు పీకలు బిగించడం, తడిసిన గడ్డి తీసి పొడి గడ్డి పరవడం, కొత్త దూడ బొడ్డుకు అయోడిన్ పుయ్యడం. బకెట్లో తాగడం రాని దూడకు రెండు వేళ్ళు చప్పరించనిచ్చి, ఆ వేళ్ళను మెల్లగా పాలలోకి దించితే దానంతటదే నేర్చుకునేది. ఒక్కటే ఆమెకు మింగుడుపడలేదు. పుట్టిన దూడను తల్లి దగ్గర ఉండనివ్వరు. వాళ్ళ ఇంట్లో అయితే దూడ తాగాకే పిండేవాళ్ళు. ఇది పాపం కాదా అని మనసు పీకుతూ ఉండేది.

ఆ పోగుల వెనక ఒక కథ ఉంది. హెలెన్ తండ్రి రోజుల్లో మందలోకి ఒక పేగుల జబ్బు వచ్చింది. పుట్టీ పుట్టగానే తల్లి పాలలోంచో, పేడలోంచో దూడకు అంటుకుంటుంది. అంటుకున్న సంగతి ఎవరికీ తెలియదు. దూడ చక్కగా తాగుతుంది, గెంతుతుంది, పెరిగి పెద్దదై ఈనుతుంది. ఏళ్ళు గడిచాక ఒకరోజు పారుకోవడం మొదలవుతుంది. మేత మేస్తూనే ఎముకల గూడు అవుతుంది. దానికి మందు లేదు. చిన్న దూడకు పరీక్ష చేయించినా ఏమీ తేలదు, తేలేనాటికి అది ఇంకెన్నింటికి అంటించిందో చెప్పేవాళ్ళుండరు. సగం మందను లారీ ఎక్కించిన ఏడాదే హెలెన్ తండ్రి మంచం పట్టాడు, మళ్ళీ లేవలేదు.

అప్పటి నుంచీ హెలెన్ కళ్ళలో వత్తులేసుకుని మందను బాగుచేసుకుంటూ వచ్చింది. సర్కారువాళ్ళ పసుపు బిళ్ళలకు తోడు తన సొంత పోగులు గుచ్చింది. జబ్బు లేనివాటికి ఆకుపచ్చ, ఉన్నవాటికి ఎర్ర. ఆకుపచ్చ పోగు ఆవు ఈనితే, దూడ తాగగా మిగిలిన జున్నుపాలు సీసాల్లో పోసి ఫ్రీజర్లో దాస్తుంది. ఎర్ర పోగు ఆవు ఈనితే దూడను ఆ క్షణమే వేరే కొట్టంలోకి ఎత్తుకెళ్ళి, దాచిన పాలు కరిగించి పడుతుంది. పుట్టిన కొద్ది గంటల్లో జున్నుపాలు కడుపులో పడకపోతే దూడ బతికి బట్టకట్టడం కష్టం.

ఇప్పుడు ఎర్ర పోగుతో ఒక్క ఆవే మిగిలింది. పేరు మేరీగోల్డ్. తండ్రి తన చేత్తో పెంచిన ఎర్రావుల సంతతిలో అది ఆఖరుది. దాని కడుపున జబ్బు అంటని పెయ్య ఒక్కటి దక్కితే చాలు, తర్వాత తల్లిని పంపించేస్తానని హెలెన్ అంటుండేది. ఎక్కడికి పంపుతారని శ్రీజ అడగలేదు.

ఇంతలో జున్ను గొడవ వచ్చిపడింది. దగ్గర్లోనే హారోలో ఉండే బేబీ ఆంటీ వంశీకి దూరపు చుట్టం. ఆవిడ కూతురు సిరికి ఏడో నెల. శ్రీజ ఫారంలో చేస్తోందని తెలిసిన మర్నాడే ఆవిడ ఫోను చేసింది.

"ఏమ్మా శ్రీజా, మా సిరి జున్ను జున్ను అని కలవరిస్తోందే. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది, కాదనకూడదు. ఒక్క సీసా చూడమ్మా, నీకు పుణ్యముంటుంది."

శ్రీజ హెలెన్‌నే అడిగింది. దూడలు తాగే పాలతో స్వీటు చేసుకుంటారా అని హెలెన్ పగలబడి నవ్వి, దాని పేరేమిటో రెండుమూడుసార్లు చెప్పించుకుని మరీ ఒక సీసా ఇచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ జున్ను అన్న మాట హారోలో ఒక్క చెవిన పడితే ఊరికే ఉంటుందా? మిరియాలూ యాలకులూ వేసి బెల్లంతో ఆవిరికి పెట్టిన ఆ గిన్నె ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి, ఆడవాళ్ళందరికీ ఉన్నట్టుండి పుట్టిళ్ళు గుర్తొచ్చాయి. సిరి సీమంతానికి వచ్చేవాళ్ళందరికీ తలా ఒక ముక్కైనా పెట్టకపోతే తల ఎత్తుకోలేనని బేబీ ఆంటీ మళ్ళీ ఫోను చేసింది.

ఈసారి శ్రీజ హెలెన్‌ను అడగలేదు. అడిగితే కాదంటుందని తెలుసు. రెండేళ్ళుగా ఎవరికీ పట్టని మనిషిని ఇప్పుడు హారో అంతా శ్రీజమ్మా శ్రీజమ్మా అంటుంటే ఆమెకు కాళ్ళు నేలమీద ఆనలేదు. వచ్చే వారం మరికొన్ని ఆవులు ఈనుతాయి, మళ్ళీ నింపేద్దాం, ఎవరు లెక్కపెడతారు అనుకుంది. బేబీ ఆంటీ ఐసు డబ్బాతో కారేసుకుని గేటు దాకా వచ్చి, ఫ్రీజర్లో ఉన్నవి దాదాపు అన్నీ పట్టుకెళ్ళింది. ఒక్క సీసా మిగిలింది. ఆ వారం ఈనింది ఒక్క ఆవే, అదీ కవల దూడలను వేసింది. దాని పాలు కవలలకే చాలక ఆ ఒక్క సీసా కూడా కరిగిపోయింది.

ఫిబ్రవరిలో ఒక గురువారం హెలెన్ ఎవరో బంధువు అంత్యక్రియలకని వేల్స్ వెళ్ళింది. మేరీగోల్డ్‌కు ఇంకా టైముందిలే అని చెప్పి మరీ వెళ్ళింది. మధ్యాహ్నం శ్రీజ దూడలకు గడ్డి పరుస్తుంటే కొట్టంలోంచి మూలుగు వినిపించింది. వెళ్ళేసరికి ముందుకాళ్ళు కనపడుతున్నాయి. మేరీగోల్డ్ ఎన్నో ఈతలు చూసిన ఆవు గనక ఎవరి సాయమూ అడగలేదు. కాసేపటికి ఎర్రటి పెయ్య దూడ గడ్డిలోకి జారింది. తల్లి వెనక్కి తిరిగేలోపు శ్రీజ దాన్ని కౌగిట్లో ఎత్తుకుని పక్క కొట్టంలోకి పరుగెత్తింది. వెనక మేరీగోల్డ్ అరుపు మొదలైంది. గోనెపట్టాతో దూడను తుడిచి, బొడ్డుకు అయోడిన్ పూసి, ఫ్రీజరు మూత ఎత్తింది. లోపల మంచు తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీని రోజూ చూస్తూనే ఉంది, ఇవాళే భయమేసింది.

అప్పుడే ఫోను మోగింది. హెలెన్. మేరీగోల్డ్ పెయ్యను ఈనిందని శ్రీజ చెప్పింది.

"పెయ్యా? నిజంగా పెయ్యేనా? తల్లి నుంచి తీసేశావు కదా, మంచి పని చేశావు తల్లీ. ఫ్రీజర్లోవి కరిగించి పట్టు. చాలకపోతే కొండ కింద మార్గరెట్‌కి ఫోన్ చెయ్, వాళ్ళ దగ్గర మంచివే ఉంటాయి."

దారి అక్కడే ఉంది, తలుపు తీసి చూపించినట్టు. కానీ మార్గరెట్‌ను అడిగితే సాయంత్రానికల్లా హెలెన్ చెవిన పడుతుంది. అన్ని సీసాలూ ఏమయ్యాయంటుంది. పశువుల డాక్టరును అడిగినా అంతే. దొంగతనం అన్న మాట శ్రీజ తన గురించి ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడు అదే మాట హెలెన్ నోట వింటానేమో అనిపించింది.

"చాలినన్ని ఉన్నాయి హెలెన్," అంది.

దూడ వణుకుతోంది. చెవులు చల్లబడ్డాయి. వేలు నోట్లో పెడితే చప్పరించే ఓపిక కూడా తగ్గుతోంది. పక్క కొట్టంలో మేరీగోల్డ్ పొదుగు చిట్లిపోయేలా ఉంది. మరిగిస్తే జబ్బు చస్తుందేమో అనిపించింది శ్రీజకు. దాని పాలు సీసాడు పితికి, పాలపొడి కలిపే గదిలో ఉన్న చిన్న స్టవ్ మీద పెట్టింది. ఆంధ్రాలో పుట్టిన ఆడపిల్లకు తెలియనిదా? ఆ గాభరాలో అదే మరిచిపోయింది. గరిటె తిప్పుతుండగానే పాలు చిక్కబడి, పసుప్పచ్చగా గట్టిపడి, గిన్నె నిండా జున్నై కూర్చుంది. శ్రీజ దానివంక చూస్తూ నిలబడిపోయింది. తర్వాత గిన్నెడూ డ్రైన్లో పారబోసి నీళ్ళు కొట్టింది.

రెండోసారి పిండిన పాలు పచ్చిగానే పీకసీసాలో పోసింది. ఎర్ర పోగున్న ఆవు పాలు ఏ దూడ నోట్లోనూ పడకూడదన్న మాట చెవుల్లో వినిపిస్తూనే ఉంది. ఏ తల్లి పాలు బిడ్డకు విషమవుతాయి, ఇదంతా వీళ్ళ చాదస్తం కాదా అని తనకు తాను చెప్పుకుంది. మొదట దూడ తాగలేదు. వేలితో పాలు నాలుక్కి రాస్తే రుచి మరిగింది. ఆఖరి చుక్క దాకా గుటకలు వేసి, తోక ఆడించి, కాళ్ళు తడబడుతూ లేచి నిలబడింది.

చీకటి పడ్డాక హెలెన్ వచ్చి నల్ల కోటుతోనే గడ్డిలో కూలబడి దూడను ఒళ్ళోకి లాక్కుంది. ఫ్రీజరు పాలే పట్టావు కదా అని అడిగింది. అవునంది శ్రీజ. అన్నీ అయిపోయాయని, రెండు సీసాలు చేయి జారి పగిలాయని కూడా అంది. హెలెన్ ఆమె చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే ఇవాళ ఏమైపోయేదని కళ్ళు తుడుచుకుంది. దూడకు పేరు కూడా అప్పుడే పెట్టేసింది. ఆ స్వీటు పేరే. జున్ను.

ఆ రాత్రి వంశీకి అంతా చెప్పుకుని ఏడ్చింది. అతను లాప్‌టాప్ మూయకుండానే విన్నాడు.

"అంటుకుందని గ్యారంటీ లేదుగా? మా ఆఫీసులోనూ అంతే. ప్రోగ్రాంలో బగ్ ఉన్నా, తప్పు బయటపడేదాకా మేం ఎవరికీ చెప్పం," అన్నాడు.

జున్ను కొట్టంలో అన్నిటికంటే బాగా పెరిగింది. మెరిసే ఒళ్ళు, బలమైన కాళ్ళు, శ్రీజ అడుగుల చప్పుడు వింటే చాలు, గేటు మీదికి ఎగబడేది. ఆ ఆరోగ్యం చూసినకొద్దీ, జబ్బు అంటిన దూడ కూడా మొదట్లో ఇలాగే గెంతుతుందన్న సంగతే శ్రీజకు గుర్తొచ్చేది. ఒకసారి అది పారుకుంది. పాలు మారితే ఏ దూడైనా పారుకుంటుంది. అయినా శ్రీజ ఎవరూ చూడకముందే అక్కడి గడ్డంతా తోడి, నేల కడిగి, రోజంతా దాని వెనకే తిరిగింది. మర్నాటికి తగ్గింది. తగ్గిందని సంతోషించడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

మేరీగోల్డ్ చిక్కిపోయింది. పక్కటెముకలు తేలి, తోక వెనకంతా తడిసి, మేత ముందే నిలబడి నమిలీ నమిలీ ఎండిపోయింది. ఏప్రిల్లో లారీ వచ్చింది. అది ఎక్కుతూ ఒకసారి దూడల కొట్టం వైపు తిరిగి అరిచింది. లోపల్నుంచి జున్ను బదులు పలికింది. జున్ను కూడా ఒకనాటికి ఇలాగే అవుతుందన్న ఊహ రాగానే శ్రీజ లారీ వైపు నుంచి మొహం తిప్పుకుంది. హారోలో సిరికి బొద్దుగా కొడుకు పుట్టాడు. అంతా శ్రీజ పెట్టించిన జున్ను చలవే అని బేబీ ఆంటీ స్వీట్లు పంపింది. శ్రీజ ఆ డబ్బా తెరవలేదు.

చెప్పాలని రోజూ అనుకునేది. పాల బకెట్లు కడిగేటప్పుడు మాటలు కూర్చుకునేది. హెలెన్ ఎదురుపడగానే బకెట్లు ఎత్తుకుని పక్కకు తప్పుకునేది. చెబితే జున్నును కూడా ఆ లారీయే ఎక్కిస్తారు. చెప్పకపోతే ఏమవుతుందో అనుకోవడానికి భయపడి, ఏళ్ళ తర్వాతి మాట కదా అని పక్కకు నెట్టేది. ఆ ఏళ్ళు మే నెలలో ఒక పొద్దున ముందుకొచ్చి నిలబడ్డాయి.

హెలెన్ పోగులు గుచ్చే పట్టకారు పట్టుకొచ్చింది. జున్ను తల కదలకుండా పట్టుకోమంది. పట్టకారు మొనకు ఆకుపచ్చ పోగు బిగించి ఉంది. దూడ శ్రీజ వేళ్ళు వెతుక్కుని నోట్లోకి తీసుకుంది.

"మా నాన్న ఉంటే ఇవాళ డాన్సు చేసేవాడు," అంది హెలెన్. "ఇక మందలో ఎర్ర పోగన్నదే లేదు. ఇది ఈనినప్పుడు జున్నుపాలు ఒక్క చుక్క వదలను, అన్నీ ఫ్రీజర్‌కే. ఇక్కడ పుట్టే ప్రతి దూడకీ ఇదే తల్లి. నీక్కూడా ఓ సీసా ఇస్తాలే, మీ ఆంటీకి పట్టుకెళ్ళు."

"హెలెన్, ఒక మాట," అంది శ్రీజ.

హెలెన్ పట్టకారు దించి ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహం నిండా సంతోషమే. శ్రీజ వేళ్ళ చుట్టూ దూడ నాలుక వెచ్చగా, గరుగ్గా ఆడుతోంది.

"మెల్లగా గుచ్చండి, నొప్పెడుతుంది," అంది.

పట్టకారు టక్కుమంది. జున్ను ఒక్క అరుపు అరిచి, మళ్ళీ వేళ్ళు అందుకుంది. హెలెన్ వెళ్ళి పచ్చికబయలు గేటు తెరిచింది. అవతల ఆకుపచ్చ పోగుల మంద మేస్తోంది. శ్రీజ వేళ్ళు లాక్కుంది. జున్ను తోక పైకెత్తి, గెంతుకుంటూ వాటి మధ్యకు వెళ్ళిపోయింది.