వంతెన మీద డజను గుడ్లు

ఇరుగుపొరుగు దేశాల డబ్బుకు నలభై ఏళ్లలో ఏ రోజు ఎంత మారకం రేటు ఉందో ఒక పుస్తకంగా అచ్చువేయాలని గణాంకాల శాఖ తలపెట్టింది. ఆ బరువంతా ఒక్క సీనియర్ అసిస్టెంటు నెత్తిన పడింది. రెండేళ్లు ఆ పనిలోనే మునిగిపోయేసరికి, ఆఫీసులో ఆమె అసలు పేరు మరిచిపోయి అందరూ రేట్లమ్మ అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా ఆ పేరుకే పలికేది.

అంతా ఒక కొలిక్కి వస్తోందనగా గొయ్యి అడ్డం వచ్చింది. ఇరవయ్యారేళ్ల కిందట మనకూ ఏటి అవతలి దేశానికీ పడక పదకొండు నెలలు సరిహద్దు మూసేశారు. ఏ బ్యాంకూ పొరుగు డబ్బు ముట్టుకోలేదు. మూసే ముందురోజు మన ఒకటికి వాళ్లవి 2.10. తెరిచిన రోజు 3.42. మధ్యలో అంతా తెల్లకాగితం.

“స్కేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీసెయ్యండి,” అన్నాడు పై అధికారి. ఆయనకు దశాంశం అని పేరు. చుక్క తర్వాత రెండో అంకె తప్పినా ఫైలు వెనక్కి కొట్టే మనిషి. ఆయనే అలా అన్నాడంటే ఎంత విసిగిపోయాడో తెలుస్తూనే ఉంది.

“పదకొండు నెలలూ జనం నోరు కట్టుకుని కూర్చోలేదు కదండీ,” అంది రేట్లమ్మ. “కొన్నారు, అమ్మారు. ఏదో ఒక రేటు ఉండే ఉంటుంది.”

నాలుగు రోజులు సెలవు పెట్టి సరిహద్దు ఊరికి బస్సెక్కింది. అక్కడి సరిహద్దు కార్యాలయంలో అడిగితే పాత కాగితాలేవీ లేవన్నారు. వరండాలో పింఛను కోసం వచ్చి కూర్చున్న ఒక పాత గార్డు మాత్రం ఆ మాటలు విని ఆమెను పిలిచాడు.

“మూసేసినా రోజుకు రెండు గంటలు నడక వంతెన తెరిచేవాళ్లం. మన ఆసుపత్రికి వచ్చే అవతలివాళ్ల కోసం. అప్పుడు రేటు తెలియాలంటే అందరూ గుడ్లమ్మ దగ్గరికే పోయేవారమ్మా.”

గుడ్లమ్మ కొట్టు వంతెన మొదట్లోనే ఉంది. దూలాల దాకా గుడ్ల అట్టల దొంతరలు, గడ్డి వాసన. డెబ్బై దాటిన మనిషి ఒక్కో గుడ్డూ బల్బుకు అడ్డం పెట్టి చూస్తోంది. వచ్చినామె తన గోడు చెప్పుకున్నా తల ఎత్తలేదు. చేతిలో ఉన్న అట్ట పూర్తయ్యాకే మాట్లాడింది.

“మా అక్కకు అవతలి ఒడ్డున గుడ్ల కొట్టు. మా నాన్న ఇద్దరికీ ఆస్తి అంటూ ఇచ్చింది కోళ్లే మరి. రోజూ పొద్దున్నే వంతెన మధ్యన కలిసేవాళ్లం. ఇక్కడ డజను ఎంత, అక్కడ డజను ఎంత అని అడుక్కునేవాళ్లం. ఏ ఒడ్డున పెట్టినా గుడ్డు గుడ్డే కదమ్మా. ఆ రెండు ధరలే మా రేటు.”

“ఆ రేటుకు డబ్బు మార్చేవారా?”

“మార్చకపోతే ఎలా? రోగిని మంచం మీద మోసుకొచ్చేవాళ్ల దగ్గర దళారులు మన ఒకటికి వాళ్లవి ఎనిమిది గుంజేవారు. రేటు మరీ పెరిగినప్పుడు కూడా మేం ఐదుకే ఇచ్చాం. ఆ డబ్బు అక్క చేతిలో పెడితే, సరిపడా గుడ్లు నా బుట్టలో పెట్టేది. గార్డులు చూసీ చూడనట్టుండేవారు.”

“మీకేం మిగిలేది?”

“గుడ్ల మీద వచ్చేది చాల్లే అనుకున్నాం.”

ఆమె లోపలికి వెళ్లి చుట్టచుట్టిన ఆ ఏటి గోడ క్యాలెండరు తెచ్చింది. ప్రతి తేదీ గడిలో పెన్సిలుతో రెండు అంకెలు. ఇన్నేళ్లూ ఎందుకు దాచారని రేట్లమ్మ అడిగింది.

“ఎవరైనా వచ్చి ఫలానా రోజు నన్ను ముంచావంటే చూపించాలిగా. ఎవరూ రాలేదు. నువ్వే మొదట.”

మర్నాడు ఇద్దరూ వంతెన దాటి అక్క కొట్టుకు వెళ్లారు. అక్క దగ్గరా అలాంటి క్యాలెండరే ఉంది. ఒకరు చదువుతుంటే ఒకరు చూసుకుంటూ, మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. అన్ని నెలల్లో ఒక్కరోజు తేడా వచ్చింది. అక్క క్యాలెండర్లో అవతలి డజను నూట ఎనభై, చెల్లెలి దాంట్లో నూట ఎనభై రెండు.

“నీకు అప్పుడే చెవుడు మొదలైంది,” అంది అక్క.

“నీకు అప్పుడే మతిమరుపు,” అంది చెల్లెలు.

ఆ తగువు ఇప్పట్లో తెగేలా లేదని, రెండు అంకెలూ వేస్తానని మాటిచ్చి రేట్లమ్మ బయటపడింది.

రేట్లమ్మ తిరిగొచ్చి వేసిన పట్టిక చూసి దశాంశం ముందు రెండు కొసలూ పట్టుకున్నాడు. సరిహద్దు మూసిన రోజు ఇక్కడ డజను ముప్ఫై, అక్కడ అరవై నాలుగు. అంటే 2.13. తెరిచిన రోజు నలభైకి నూట ముప్ఫై ఆరు. 3.40. బ్యాంకు అంకెలకు వెంట్రుకవాసి దూరం. ఏడో నెలలో రేటు ఐదుకు ఎగబాకి, మళ్లీ దిగింది. ఆయన ఆ ఐదు మీద వేలుపెట్టాడు.

“నా మాట విని గీత గీసుంటే, ఆ జనం పడ్డ పాట్లన్నీ దాని కింద పూడిపోయేవి,” అన్నాడు.

ఆధారం అన్న గడిలో బ్యాంకుల పేర్లే రాయాలని నియమం. ఆయన కలం తీసి తన చేత్తోనే రాశాడు: “అక్కచెల్లెళ్లు, గుడ్ల కొట్లు, వంతెనకు రెండు వైపులా.”

అచ్చయిన పుస్తకాలు రెండు పట్టుకుని రేట్లమ్మ మళ్లీ వెళ్లింది. తమ పేజీ ఎక్కడుందో చూపించమని గుడ్లమ్మ అడిగింది. కళ్లజోడు పెట్టుకుని, గడుల వెంట వేలు నడిపించుకుంటూ, పెదాలు కదుపుతూ పేజీ చివరిదాకా చదివింది. కొనడానికి వచ్చినవాళ్లు ముగ్గురు పోగయ్యారు. ఆమె కదల్లేదు. చివరికి రేట్లమ్మే సంచీ పక్కన పెట్టి, వాళ్లకు గుడ్లు లెక్కపెట్టి ఇచ్చింది.